ఖాతాలో పడిన పరాయి డబ్బు



పాసుపుస్తకం చదవడం మనం నేర్చుకున్నాం. జమ అంటే ఏమిటో, ఖర్చు అంటే ఏమిటో, నిల్వ అంటే ఏమిటో మనకు తెలుసు. ఈ పాఠంలో ఆ చదువుతోనే ఒక చిక్కు విప్పుదాం. ఎవరో తెలియని మనిషి నుంచి మన ఖాతాలో డబ్బు పడితే ఏం చెయ్యాలి?

వెనకటి రోజుల్లో డబ్బు మనియార్డరులో వచ్చేది. పోస్టుమాను ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. ఫారం మీద పంపినవారి పేరు, ఊరు ఉండేవి. కింద నాలుగు ముక్కలు క్షేమ సమాచారం ఉండేది. చదువు రానివాళ్ళకి పోస్టుమానే చదివి వినిపించేవాడు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో తెలిసేది.

ఇప్పుడు డబ్బు ఫోనులో వస్తోంది. ఫోను మోగుతుంది. అంకెలు కనపడతాయి. మనిషి కనపడడు. చదివి చెప్పే పోస్టుమానూ లేడు. మనమే చదువుకోవాలి.

1. సత్యవతి కథ

ఇది పాఠం కోసం కల్పించిన కథ. కాని ఇలాంటివి ఊరూరా జరుగుతున్నాయి.

సత్యవతిది రామచంద్రపురం దగ్గర ఒక పల్లెటూరు. ద్రాక్షారామం వెళ్ళే దారిలో ఉంటుంది. ఊడ్పులకీ, కోతలకీ కూలికి వెళుతుంది. భర్త వెంకటరమణ రైసు మిల్లులో బస్తాలు మోస్తాడు. కూతురు దేవి ఇంటరు చదువుతోంది.

సత్యవతి ఖాతాలో 21,350 రూపాయలు ఉన్నాయి. అందులో 13,000 కూతురి చదువుకని తల్లికి వందనం పథకంలో వచ్చినవి. మిగతావి తన కూలి డబ్బులు.

ఒకనాడు పొద్దుగూకే వేళ ఫోను మోగింది. ఒక మెసేజి వచ్చింది. "మీ ఖాతాలో రూ. 20,000 జమ అయినవి" అని ఉంది. రెండు నిమిషాలు కాలేదు. ఫోను మళ్ళీ మోగింది.

"అమ్మా, నమస్కారమండి. కాకినాడ నుంచి మాట్లాడుతున్నానండి. మా అమ్మని ఆసుపత్రిలో చేర్చామండి. ఆసుపత్రికి కట్టవలసిన ఇరవై వేలు పొరపాటున మీకు పడిపోయాయండి. నెంబరులో ఒక్క అంకె తేడా వచ్చిందండి."

"ఆయ్, ఇప్పుడే మెసేజి వచ్చిందండి" అంది సత్యవతి.

"మీరు పద్దెనిమిది వేలు పంపండి చాలు. రెండు వేలు పిల్లలకి ఏమైనా కొనిపెట్టుకోండి. కాస్త తొందరగా పంపండమ్మా. డబ్బు కట్టందే ఆపరేషను చెయ్యమంటున్నారు."

సత్యవతి మనసు కరిగింది. వెంకటరమణ అన్నాడు, "పాపం, తల్లి ప్రాణం మీదకు వచ్చినట్టుంది. పంపేద్దాం." దేవి ఫోను చేతిలోకి తీసుకుంది. "అమ్మా, పిన్ను కొట్టమంటావా?" అని అడిగింది.

పక్కింటి మంగమ్మ గోడ మీద నుంచి విన్నది. "పంపడం ఎందుకు వదినా? వెతుక్కుంటూ వచ్చిన లక్ష్మి. ఉంచేసుకో" అంది.

సత్యవతి కాసేపు ఆలోచించింది. ఫోను అందుకుని మెసేజి మళ్ళీ చదివింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ఆ మెసేజి ఎక్కడి నుంచి వచ్చిందో చూసింది. పైన పది అంకెల నెంబరు ఉంది. కిందటిసారి తల్లికి వందనం డబ్బు పడినప్పుడు వచ్చిన మెసేజి తీసి చూసింది. దాని పైన నెంబరు లేదు. బ్యాంకు పేరు తెలిపే అక్షరాలు ఉన్నాయి.

సత్యవతి ఫోనులో చెప్పింది, "బాబూ, రేపు పొద్దున్నే బ్యాంకుకు వెళతానండి. మీ డబ్బు నా ఖాతాలో ఉంటే బ్యాంకువాళ్ళే మీకు పంపుతారు. మీరు కూడా మీ బ్యాంకులో చెప్పండి."

అవతలి గొంతు మారిపోయింది. "పరాయి సొమ్ము తింటారా? పోలీసు కేసు పెడతాను" అన్నాడు.

"పెట్టండి బాబూ. నేనూ అక్కడికే వస్తాను" అని సత్యవతి ఫోను పెట్టేసింది.

మర్నాడు కూలి మానుకుని రామచంద్రపురం వెళ్ళింది. బ్యాంకులో పాసుపుస్తకం ఎక్కించమంది. నిల్వ చూసింది. 21,350 రూపాయలే ఉన్నాయి. ఇరవై వేలు ఎక్కడా లేవు. అసలు రాలేదు. ఆ మెసేజి దొంగ మెసేజి.

ముందురోజు పద్దెనిమిది వేలు పంపి ఉంటే ఏమయ్యేది? లెక్క వేద్దాం.

ఖాతాలో ఉన్న డబ్బు: 21,350
పంపమని అడిగిన డబ్బు: 18,000
మిగిలేది: 3,350

దేవి ఫీజు డబ్బు, సత్యవతి ఊడ్పుల కూలిలో చాలా భాగం పోయేవి.

2. కథలో గమనించవలసినవి

దొంగ ఆశ పెట్టాడు. రెండు వేలు ఉంచుకోమన్నాడు. జాలి పుట్టించాడు. తల్లి ఆసుపత్రిలో ఉందన్నాడు. తొందర పెట్టాడు. చివరికి భయపెట్టాడు. ఆశ, జాలి, తొందర, భయం. ఈ నాలుగూ ఎరలే. కాలవ గట్టున గాలం వేసేవాడు ఒక ఎరకు చేప పడకపోతే ఇంకో ఎర గుచ్చుతాడు కదా! వీడూ అంతే.

మెసేజి వస్తే డబ్బు వచ్చినట్టు కాదు. పాసుపుస్తకంలో జమ కనపడితేనే వచ్చినట్టు. బ్యాంకు మెసేజి పది అంకెల మామూలు నెంబరు నుంచి రాదు. అయినా మెసేజిని నమ్ముకోవద్దు. నిల్వ చూసుకోండి. బ్యాంకులో గాని, ఏ.టి.ఎం.లో గాని, ఊరిలోని బ్యాంకు మిత్ర దగ్గర గాని చూసుకోవచ్చు.

ఇంకొక ముఖ్యమైన మాట. డబ్బు మనకు రావడానికి పిన్ను అక్కరలేదు. మన డబ్బు బయటికి పంపడానికి పిన్ను కావాలి. "మీకు డబ్బు వస్తుంది, పిన్ను కొట్టండి" అని ఎవరైనా అంటే అది అబద్ధం. "ఈ గళ్ళ బొమ్మను ఫోనుతో చూపించండి, డబ్బు పడుతుంది" అన్నా అబద్ధమే.

3. నిజంగానే డబ్బు పడితే?

సత్యవతికి డబ్బు రాలేదు. కాని కొందరికి నిజంగానే పడుతుంది. పాసుపుస్తకంలో జమ కనపడుతుంది. అది నాలుగు రకాలుగా జరగవచ్చు.

మొదటిది: అది మన డబ్బే కావచ్చు. ఉపాధి హామీ కూలి పడుతుంది. రైతు ఇళ్ళలో పి.ఎం. కిసాన్ డబ్బు పడుతుంది. 2024 నవంబరు నుంచి దీపం-2 పథకంలో గ్యాసు బండకు కట్టిన డబ్బు తిరిగి ఖాతాలో వేస్తున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు తల్లుల ఖాతాలో పడింది. ఇవి చెప్పకుండానే పడవచ్చు. కాబట్టి ముందు పాసుపుస్తకంలో ఆ వరస చదవండి. అర్థం కాకపోతే బ్యాంకులో అడగండి. సంఘం యానిమేటరును అడగండి.

బ్యాంకు పేరు కొత్తగా కనపడినా కంగారు పడవద్దు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025 మే 1న చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేరు మారింది గాని ఖాతా మనదే.

రెండోది: నిజంగా పొరపాటు కావచ్చు. ఎవరో ఒక అంకె తప్పు కొట్టి ఉండవచ్చు. బ్యాంకువాళ్ళే పొరపాటు పడవచ్చు. ఆ డబ్బు కోసం ఎక్కడో ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది. దాన్ని తిరిగి ఇవ్వాల్సిందే. కాని బ్యాంకు చేతుల మీదుగా ఇవ్వాలి.

మూడోది: దొంగ సొమ్ము కావచ్చు. దొంగ ఎవరినో మోసం చేస్తాడు. ఆ డబ్బు తన ఖాతాలో వేసుకుంటే దొరికిపోతాడు. అందుకని మన ఖాతాలోకి పంపుతాడు. తరవాత ఫోను చేస్తాడు. "పొరపాటున పడింది, ఫలానా ఖాతాకు పంపండి" అంటాడు. డబ్బు వచ్చిన ఖాతా ఒకటి. వాడు పంపమనే ఖాతా ఇంకొకటి. మనం జాలిపడి పంపుతాం. డబ్బు వాడికి చేరుతుంది. పేరు మాత్రం మనది ఉంటుంది.

డబ్బు పోయిన మనిషి 1930 నెంబరుకు ఫిర్యాదు చేస్తాడు. పోలీసులూ, బ్యాంకులూ ఆ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్ళిందో వరసగా చూస్తారు. ఆ వరసలో మన ఖాతా కనపడుతుంది. దాన్ని ఆపుతారు. అప్పుడు మన కూలి డబ్బు కూడా ఆగిపోవచ్చు. పిల్లల ఫీజు కట్టడానికీ, మందులు కొనడానికీ తీసుకుందామంటే రాదు. ఏ తప్పూ చెయ్యని మనిషి స్టేషను చుట్టూ తిరగాలి.

నాలుగోది: అడగని అప్పు కావచ్చు. ఫోనులో ఏదో నొక్కితే కొన్ని అప్పుల కంపెనీలు రెండు మూడు వేలు ఖాతాలో వేస్తాయి. వారం తిరక్కుండా రెట్టింపు కట్టమంటాయి. ఫోనులోని ఫొటోలను పాడుచేసి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తాయి. ఇలాంటి బెదిరింపులకు తట్టుకోలేక 2022 సెప్టెంబరులో మన రాజమండ్రిలో భార్యాభర్తలిద్దరు ప్రాణాలు తీసుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. తప్పు బెదిరించినవాళ్ళది. సిగ్గుపడవలసిందీ వాళ్ళే. ఇలాంటిది వస్తే ఇంట్లో చెప్పండి, సంఘంలో చెప్పండి. 1930కి ఫోను చెయ్యండి. ఒక్కరే మనసులో పెట్టుకోవద్దు.

4. "వచ్చింది కదా, ఉంచేసుకుందాం" అంటే?

మంగమ్మ చెప్పిన మాట చాలామంది అంటారు. "నేను అడిగానా? నేను దొంగతనం చేశానా?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. సొమ్మొకడిది, సోకొకడిది అని సామెత ఉంది కదా! చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు.

మన దేశంలో 1872 నుంచి ఒప్పందాల చట్టం ఉంది. దాని 72వ సెక్షను ప్రకారం పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దాని 314వ సెక్షను ప్రకారం పరాయి సొమ్మును దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే శిక్ష ఉంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా రెండేళ్ళ వరకు జైలు, జరిమానా కూడా వేస్తారు.

ఇవి నిజంగా జరిగిన సంగతులు. చదవండి.

2021లో బీహారు రాష్ట్రంలోని ఖగడియా జిల్లాలో ఒక మనిషి ఖాతాలో ఐదున్నర లక్షలు పడ్డాయి. గ్రామీణ బ్యాంకువాళ్ళ పొరపాటు అది. తిరిగి ఇమ్మని బ్యాంకు నోటీసులు ఇచ్చింది. "ప్రభుత్వం పంపిందనుకున్నాను, ఖర్చు పెట్టేశాను" అన్నాడు. ఆ సెప్టెంబరులో పోలీసులు అతన్ని అరెస్టు చేశారు.

2022 మే నెలలో హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు కంప్యూటరులో పొరపాటు జరిగింది. మద్రాసులో సుమారు వంద మంది ఖాతాల్లో ఒక్కొక్కరికి 13 కోట్ల రూపాయలు కనపడ్డాయి. బ్యాంకు ఆ ఖాతాలను ఆపి, పొరపాటును సరిచేసింది.

2023 నవంబరులో యూకో బ్యాంకులో ఇంకా పెద్ద పొరపాటు జరిగింది. సుమారు 41,000 ఖాతాల్లో 820 కోట్ల రూపాయలు తప్పుగా జమ అయ్యాయి. కొద్ది రోజుల్లోనే 649 కోట్లు బ్యాంకు వెనక్కి తీసుకుంది. మిగిలిన డబ్బు కొందరు అప్పటికే తీసేసుకున్నారు. సి.బి.ఐ. కేసు పెట్టింది. ఊళ్ళు తిరిగి సోదాలు చేసింది.

డబ్బును ముట్టనివాళ్ళకు ఏ బాధా లేదు. వాడుకున్నవాళ్ళకు చిక్కులు వచ్చాయి. కాబట్టి అక్కలూ, ఖాతాలో పడిన పరాయి డబ్బు మనది కాదు. అలాగని ఫోనులో అడిగినవాడిదీ కాదు. అది ఎవరిదో తేల్చవలసింది బ్యాంకు.

5. మనం చెయ్యవలసిన పనులు

ఒకటి: ఆ డబ్బు ముట్టుకోవద్దు. అప్పు తీర్చడానికి గాని, చీటీ కట్టడానికి గాని తియ్యవద్దు.

రెండు: ఎవరు అడిగినా మన చేత్తో తిరిగి పంపవద్దు. ఎంత ఏడ్చినా, ఎంత తిట్టినా ఒకటే జవాబు చెప్పండి. "మీ బ్యాంకులో చెప్పండి. నేను మా బ్యాంకులో చెపుతాను."

మూడు: మెసేజి చెరపవద్దు. ఫోను చేసిన నెంబరు, తేదీ, వేళ కాగితం మీద రాసుకోండి.

నాలుగు: బ్యాంకుకు వెళ్ళి పాసుపుస్తకం ఎక్కించుకోండి. డబ్బు పడినట్టు ఉంటే కాగితం రాసి ఇవ్వండి. రెండు కాగితాలు రాయండి. ఒకటి బ్యాంకుకు. రెండో దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే ఆ కాగితమే మనకు సాక్ష్యం.

ఐదు: బెదిరిస్తే పోలీసు స్టేషనులో చెప్పండి. మోసపోయి డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి. ఎంత తొందరగా చెపితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

బ్యాంకులో ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. వివరాలకు 14448 నెంబరు ఉంది. లాయరు సలహా కావాలంటే 15100కి ఫోను చెయ్యండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా లాయరును ఇస్తారు. ఆదాయం ఎంత అని అడగరు.

6. కాగితం ఇలా రాయండి

తేదీ: ............

బ్రాంచి మేనేజరు గారికి,
............ బ్యాంకు,
రామచంద్రపురం.

అయ్యా / అమ్మా,

నా పేరు ............. నాది ............. గ్రామం. మీ బ్యాంకులో నాకు పొదుపు ఖాతా ఉంది. ఖాతా నెంబరు .............

............. తేదీన నా ఖాతాలో ............. రూపాయలు జమ అయినవి. లావాదేవీ నెంబరు ............. ఆ డబ్బు ఎవరు పంపారో నాకు తెలియదు. ఆ డబ్బు నాది కాదు. అందులో నేను ఏమీ వాడుకోలేదు.

............. నెంబరు నుంచి ఒకరు ఫోను చేసి డబ్బు పంపమని అడిగారు. నేను పంపలేదు.

విచారించి, ఆ డబ్బు ఎవరిదో వారికి బ్యాంకు ద్వారానే చేర్చవలసిందిగా కోరుతున్నాను. నా సొంత డబ్బు ఆగకుండా చూడవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం)

ఫోనులో పంపిన డబ్బుకు సాధారణంగా 12 అంకెల లావాదేవీ నెంబరు ఉంటుంది. అది పాసుపుస్తకంలో గాని, మెసేజిలో గాని చూసి రాయండి. దొరకకపోతే బ్యాంకులో అడగండి.

7. ఖాతాను అద్దెకు ఇవ్వవద్దు

కొందరు ఊళ్ళోకి వచ్చి తియ్యగా మాట్లాడతారు. "మీ పాసుపుస్తకం, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము ఇవ్వండి. నెలకు రెండు వేలు ఇస్తాం. మీరు ఏ పనీ చెయ్యక్కరలేదు" అంటారు. ఆ ఖాతాలో దొంగ సొమ్ము వేసి తీసుకుంటారు. కేసు వస్తే వాళ్ళు ఉండరు. పాసుపుస్తకం మీద ఫొటో మనది. పోలీసులు మన గుమ్మం దగ్గరకే వస్తారు.

ఇంకొక సంగతి. మన ప్రాంతం నుంచి చాలామంది ఆడపడుచులు కువైటు, మస్కటు వెళ్ళి ఇళ్ళలో పనిచేస్తున్నారు. కష్టపడి డబ్బు పంపుతున్నారు. వాళ్ళలో కొందరు బ్యాంకుకు వెళ్ళే వీలులేక అక్కడ ఎవరో ఏజెంటుకు డబ్బు ఇస్తారు. ఇక్కడ మన ఖాతాలో మనకు తెలియని పేరుతో డబ్బు పడుతుంది. ఆ డబ్బు ఎక్కడిదో మనకు తెలియదు. దొంగ సొమ్ము అయితే మన ఖాతా ఆగిపోతుంది. ఇలా పంపడం చట్టానికి కూడా విరుద్ధం. కాబట్టి మీ అమ్మాయికో, అక్కకో ఫోనులో చెప్పండి. "బ్యాంకు ద్వారానో, లైసెన్సు ఉన్న కంపెనీ ద్వారానో పంపు. రసీదు దాచుకో" అని చెప్పండి.

కొత్త మాటలు

జమ: ఖాతాలోకి వచ్చిన డబ్బు
నిల్వ: ఖాతాలో మిగిలి ఉన్న డబ్బు
లావాదేవీ: డబ్బు వేయడం, తీయడం, పంపడం
పిన్ను: మన డబ్బు పంపడానికి కొట్టే రహస్య అంకెలు
ఫిర్యాదు: జరిగిన అన్యాయాన్ని చెప్పుకోవడం

ప్రశ్నలు

1. దొంగ సత్యవతికి వేసిన నాలుగు ఎరలు ఏవి?
2. వెంకటరమణ ఒక మాట చెప్పాడు. మంగమ్మ ఒక మాట చెప్పింది. రెండూ ఎందుకు తప్పు?
3. పిన్ను ఎప్పుడు కొట్టాలి? ఎప్పుడు కొట్టకూడదు?
4. 820 కోట్లలో 649 కోట్లు వెనక్కి వచ్చాయి. ఇంకా రావలసింది ఎంత?
5. మీ ఖాతాలో తెలియని డబ్బు 5,000 పడిందనుకోండి. బ్యాంకుకు ఇచ్చే కాగితం మీ నోటు పుస్తకంలో రాయండి.

మీరు చెయ్యండి

మీ పాసుపుస్తకం తెచ్చుకోండి. చివరి ఐదు వరసలు చదవండి. ఏది కూలి డబ్బో, ఏది పథకం డబ్బో, ఏది సంఘం డబ్బో పక్కన కాగితం మీద రాయండి. తెలియని జమ కనపడితే ఈ వారంలోనే బ్యాంకులో అడగండి. 1930 నెంబరును ఇంట్లో గోడ మీద అందరికీ కనపడేలా రాయండి. ఇంకా చదువు రాని పక్కింటి అక్కకు ఈ కథ చదివి వినిపించండి.